గరిక మీద బంతి: గ్రీన్ ఫాస్ట్‌గా ఉండాలా, స్లోగా ఉండాలా?

మన క్లబ్ గ్రూప్‌లో "ఈ సంచికకి ఎవరైనా సైన్స్ పాఠం ఒకటి తెలుగులో రాయండి" అని మెసేజ్ పెట్టినప్పుడు అందరూ మషీన్ లెర్నింగ్ గురించే రాస్తారని నాకు తెలుసు. అందుకే నేను గడ్డి గురించి రాస్తున్నా. ముందే ఒక మాట. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లీషు మీడియం. లెక్కల్లో వచ్చే మాటలకి తెలుగు కోసం, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్‌ని రెండు రాత్రులు వేధించాను. తప్పులుంటే సగం వాడివి.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్స్‌లో గడ్డి పని చూసుకునే సూపర్‌వైజర్. పోయిన సంవత్సరం వేసవి సెలవుల్లో వాళ్ళింట్లో మూడు వారాలున్నాను. గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ళు కారులో వచ్చి బంతిని దూరంగా కొట్టి, మళ్ళీ దాని దగ్గరికి నడిచి వెళ్ళే ఆట అని మాత్రమే నాకు తెలుసు. ఆ మూడు వారాల్లో మామయ్యకి ఒక మెమో వచ్చింది. కారణం ఒక అంకె. ఆ అంకె ఏంటో, దాని వెనక ఫిజిక్స్ ఏంటో, ఆటగాళ్ళు నిజంగా కోరుకునేది ఏంటో చెప్పడమే ఈ పాఠం.

ముందు ఆట సంగతి

ప్రతి హోల్ చివర్లో చాలా పొట్టిగా, నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాన్నే గ్రీన్ అంటారు. అందులో నాలుగుంబావు అంగుళాల వెడల్పు గుంట. బంతి గ్రీన్ మీదకి చేరాక దాన్ని గాల్లోకి లేపరు, నేల మీదే దొర్లిస్తారు. దాని పేరు పటింగ్. ఒక్కో హోల్‌కి రెండు పట్‌లు పడతాయని లెక్కేసుకునే పార్ నిర్ణయిస్తారు. 18 హోల్స్‌కి 36. మొత్తం పార్ 72 అయితే అందులో సరిగ్గా సగం. కాబట్టి గ్రీన్ ఎలా ఉందన్నది చిన్న విషయం కాదు, సగం ఆట అక్కడే ఉంది.

బంతి తక్కువ తోపుకే ఎక్కువ దూరం దొర్లితే ఫాస్ట్ గ్రీన్. తొందరగా ఆగిపోతే స్లో గ్రీన్. మన క్యారమ్స్ బోర్డు మీద పౌడర్ చల్లినప్పుడు, చల్లనప్పుడు ఉండే తేడా లాంటిదే. కాకపోతే ఈ బోర్డుకి వాలు ఉంటుంది, పైగా ఈ బోర్డు రోజూ పెరుగుతుంది.

ఇంకో విషయం నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. వేడి ప్రాంతాల్లో గ్రీన్లకి వాడేది బెర్ముడా గడ్డి. ఏదో విదేశీ మొక్క అనుకున్నా. మామయ్య నవ్వి, "ఒరే, అది మన గరికరా" అన్నాడు. నిజమే. వినాయక చవితికి మనం తెచ్చే గరికే బెర్ముడా గడ్డి. గోల్ఫ్ కోసం తయారుచేసిన పొట్టి రకాలు చాలావరకు దానికీ, ఆఫ్రికాలో దొరికే దాని చుట్టానికీ పుట్టిన సంకరాలు. చల్లటి దేశాల్లో బెంట్ గ్రాస్ అని ఇంకా సన్నటి ఆకు ఉన్న గడ్డి పెంచుతారు. మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టాలో కూడా ముందు బెర్ముడా గ్రీన్లే ఉండేవి. 1981 టోర్నమెంట్ నాటికి బెంట్ గ్రాస్‌కి మారారు. అక్కడి గ్రీన్లు భయపెట్టేంత వేగంగా ఉంటాయన్న పేరు ఆ తర్వాత ఇంకా పెరిగింది.

వేగాన్ని కొలిచే పట్టీ

1935లో అమెరికాలోని ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ జరిగింది. అక్కడి గ్రీన్లు ఎంత వేగంగా ఉన్నాయంటే, గెలిచిన శామ్ పార్క్స్ జూనియర్ స్కోరే 299. నాలుగు రౌండ్లలో 300 లోపు వచ్చింది ఆయన ఒక్కడికే. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెచ్యూర్ ఆటగాడు ఉన్నాడు. జీన్ సారజెన్ లాంటి దిగ్గజం కొట్టిన పట్ కూడా గ్రీన్ దాటి బంకర్‌లోకి దొర్లిపోవడం ఆయన కంటబడింది. గ్రీన్లు మరీ అన్యాయంగా ఉన్నాయని ఆయనకి అనిపించింది. కానీ "అనిపించింది" అంటే ఎవరొప్పుకుంటారు? కొలవాలి. అందుకని కర్రతో ఒక పరికరం చేశాడు.

దాన్ని 1976లో అమెరికా గోల్ఫ్ సంఘం అయిన యూఎస్‌జీఏలో ఫ్రాంక్ థామస్ అల్యూమినియంతో మార్చి చేశాడు. 1978లో కోర్సులు చూసుకునేవాళ్ళకి అందుబాటులోకి తెచ్చారు. పేరు స్టింప్‌మీటర్. ఇంత పేరున్న పరికరం చూస్తే మీకు నవ్వొస్తుంది. 36 అంగుళాల పొడవు పట్టీ, మధ్యలో పొడుగునా గాడి, ఒక చోట బంతి ఆనడానికి నొక్కు. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు, స్క్రీన్ లేదు.

వాడే పద్ధతి ఇది. గ్రీన్ మీద చదునైన చోటు చూసుకోవాలి. నొక్కులో బంతి పెట్టి పట్టీని మెల్లగా పైకెత్తాలి. దాదాపు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తనే జారి గాడిలో దొర్లుకుంటూ గ్రీన్ మీదకి వస్తుంది. ఎవరు ఎత్తినా అదే కోణం, అదే వేగం. సెకనుకి సుమారు 1.83 మీటర్లు. బంతి ఆగాక దూరం కొలవాలి. అలా మూడు బంతులు. తర్వాత అవతలి వైపు నుంచి అదే దారిలో వెనక్కి మూడు. అన్నిటి సగటు ఎన్ని అడుగులైతే అదే ఆ గ్రీన్ అంకె.

సంఘం వాళ్ళు 1500 పైచిలుకు గ్రీన్లు కొలిచినప్పుడు వచ్చిన సగటు ఆరున్నర అడుగులు. దాన్ని బట్టి మామూలు సభ్యులు ఆడే గ్రీన్‌కి ఆరున్నర అంటే మీడియం, ఎనిమిదిన్నర అంటే ఫాస్ట్ అని పట్టిక వేశారు. యూఎస్ ఓపెన్ లాంటి పోటీకి కూడా పదిన్నరనే ఫాస్ట్ అన్నారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో 12, 13 మామూలైపోయాయి. మామయ్య వాళ్ళ క్లబ్బులో సభ్యులు అడిగింది 11.

కొంచెం లెక్క

ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి, భయపడకండి. బంతి మొదటి వేగం మనకి తెలుసు, ఆగిన దూరం కొలిచాం. వేగ వర్గం = 2 × రుణత్వరణం × దూరం. ఇక్కడ రుణత్వరణం అంటే గడ్డి ఆ బంతిని ఆపే బలం ఎంత గట్టిదో చెప్పే అంకె అనుకోండి. బంతి దొర్లినంత సేపూ అది మారదని అనుకుని చేస్తున్నా.

గ్రీన్ అంకె 8 అయితే దూరం 2.44 మీటర్లు. రుణత్వరణం సుమారు 0.69.
గ్రీన్ అంకె 13 అయితే దూరం 3.96 మీటర్లు. రుణత్వరణం సుమారు 0.42.

ఇప్పుడు వాలు కలుపుదాం. వంద అడుగులకి మూడడుగులు దిగే వాలు, అంటే 3 శాతం. ఇది కంటికి పెద్దగా ఆనదు. దొర్లే బంతిని గురుత్వాకర్షణ కిందకి లాగే త్వరణం ఇక్కడ సుమారు 0.21 వస్తుంది. గట్టి గోళం దొర్లుతున్నప్పుడు జారే వస్తువుకి వచ్చే త్వరణంలో ఏడింట ఐదు వంతులే వస్తుంది, అది మర్చిపోకండి. నేను మర్చిపోయి మొదటిసారి తప్పు చేశాను.

బంతి దిగువకి వెళ్తుంటే గడ్డి ఆపే దాంట్లోంచి ఈ 0.21 తీసెయ్యాలి.

8 గ్రీన్ మీద: 0.69 లోంచి 0.21 పోతే 0.48. అదే తోపుకి బంతి పదకొండున్నర అడుగుల దగ్గర ఆగుతుంది.
13 గ్రీన్ మీద: 0.42 లోంచి 0.21 పోతే 0.21. బంతి దాదాపు 26 అడుగులు పోతుంది.

చూశారా? అదే వాలు, అదే తోపు. స్లో గ్రీన్ మీద మూడున్నర అడుగులు ఎక్కువ పోయింది. ఫాస్ట్ గ్రీన్ మీద దూరం రెట్టింపైంది. వాలు 6 శాతానికి పెంచండి. 8 గ్రీన్ మీద బంతి 20 అడుగులు పోయైనా ఆగుతుంది. 13 గ్రీన్ మీద గడ్డి ఆపే బలం మొత్తం వాలుకే సరిపోతుంది. ఆ వాలు ఉన్నంత మేరా బంతి ఆగదు. 1935లో స్టింప్సన్ చూసిన దృశ్యం ఈ రకం లెక్కే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. వాలు ఉన్న చోట కొలిస్తే ఏమవుతుంది? 13 గ్రీన్ మీద 3 శాతం వాలులో దిగువకి 26, ఎగువకి సుమారు 8.7. మామూలు సగటు తీస్తే 17 పైన వస్తుంది. పచ్చి అబద్ధం. ఇక్కడ వాడాల్సింది హరాత్మక మధ్యమం:

2 × ఎగువ దూరం × దిగువ దూరం ÷ (ఎగువ దూరం + దిగువ దూరం)

వేసి చూడండి, 13 వస్తుంది. ఊరికి బస్సులో ఒక వేగంతో వెళ్ళి, ఇంకో వేగంతో తిరిగొస్తే సగటు వేగం ఎంత అని మనం చేసిన లెక్కలోదే ఈ సూత్రం. అందుకే రెండు వైపుల కొలతల మధ్య ఒకటిన్నర అడుగు కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ చోటు చదునుగా లేదని, వేరే చోటు చూసుకోమని నియమం పెట్టారు.

ఫాస్ట్ ఎవరికి ఇష్టం, స్లో ఎవరికి ఇష్టం?

ఫాస్ట్ గ్రీన్ ఇష్టపడేవాళ్ళు చెప్పేది సబబే. ఫాస్ట్‌గా ఉండాలంటే గడ్డి పొట్టిగా, నేల గట్టిగా, పైభాగం నున్నగా ఉండాలి. అలాంటి చోట బంతి ఎగరదు, గీసిన గీత మీద పోతుంది. చెయ్యి పెద్దగా ఊపక్కర్లేదు. ఎంత మెల్లగా తాకాలో తెలిసినవాడికీ, తెలియనివాడికీ తేడా అక్కడ బయటపడుతుంది. చేతిలో పనితనం ఉన్నవాడు అందుకే దాన్ని కోరుకుంటాడు.

స్లో గ్రీన్ కోరుకునేవాళ్ళదీ సబబే. ధైర్యంగా కొట్టొచ్చు. తప్పిపోయినా బంతి పక్కనే ఉంటుంది, మూడో పట్, నాలుగో పట్ దాకా పోదు. ఆట తొందరగా అయిపోతుంది. ఇంకోటి, గ్రీన్లకి పెద్ద పెద్ద వాలులు ఉంచుకోవచ్చు. పాతకాలం కోర్సుల వాలులు ఆరేడు అడుగుల వేగానికి తగ్గట్టు చేసినవి. వాటినే 12కి తీసుకెళ్తే పైన చేసిన లెక్క ప్రకారం చాలా చోట్ల గుంట పెట్టడానికే పనికిరావు. కొన్ని క్లబ్బులు పాత వాలులు చెక్కి చదును చేసుకున్నాయి.

గాలి కూడా ఉంది. స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డునున్న సెయింట్ ఆండ్రూస్‌లో 2015 ఓపెన్ అప్పుడు శనివారం గాలికి ఆగి ఉన్న బంతులే గ్రీన్ల మీద కదిలిపోయాయి. పదిగంటలకి పైగా ఆట ఆపారు, పోటీ సోమవారానికి గానీ పూర్తవలేదు. అలాంటి ఊళ్ళలో గ్రీన్లు కాస్త స్లోగా ఉంచడం చేతకానితనం కాదు, అవసరం.

గీత దాటితే ప్రపంచ స్థాయి వాళ్ళకీ కష్టమే. అమెరికాలోని షిన్నెకాక్ హిల్స్‌లో 2004 యూఎస్ ఓపెన్ చివరి రోజు 7వ గ్రీన్ మీద బంతి నిలవక, ఆట జరుగుతుండగానే మధ్యమధ్యలో నీళ్ళు చల్లారు. అదే కోర్స్‌లో 2018లో ఫిల్ మికెల్సన్ తన పట్ గుంట దాటి దిగువకి పోతుంటే పరిగెత్తుకెళ్ళి, ఇంకా దొర్లుతున్న బంతినే వెనక్కి కొట్టాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది.

గడ్డి వైపు నుంచి

ఇప్పటిదాకా బంతి వైపు నుంచి మాట్లాడాం. గరిక వైపు నుంచి చూస్తే సంగతి వేరే.

ఆకే మొక్కకి వంటిల్లు. గ్రీన్ మీద గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకి, రోజూ కత్తిరిస్తారు. ఆకు తగ్గితే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే వేరు లోతుకి పోదు, వేరు పైపైనే ఉంటే ఎండకి తట్టుకోలేదు. వేగం కోసం నీళ్ళు కూడా తగ్గిస్తే ఇక చెప్పక్కర్లేదు. మిల్లీమీటర్‌లో పదోవంతుల్లో బ్లేడు దించడం, ఎత్తడం మామయ్య పని. కోత తగ్గించకుండా వేగం పెంచే దారులూ ఉన్నాయి: తేలికపాటి రోలర్ నడపడం, పల్చగా ఇసుక చల్లి నున్న చెయ్యడం. కానీ వాటికి టైం కావాలి, మనుషులు కావాలి.

ఆ మే నెలలో సభ్యుల పోటీ ఒకటుంది. "మన గ్రీన్లు 9 ఏంటయ్యా, 11 కావాలి" అని కమిటీ అడిగింది. మామయ్య ఈ ఎండల్లో వద్దు సార్ అన్నాడు. వినలేదు. బ్లేడు దించి, రోజుకి రెండుసార్లు కోశారు. పొద్దున్నే నాలుగున్నరకి టార్చ్ లైట్ వెలుగులో నేనూ వెళ్ళి టేపు పట్టుకున్నా. పోటీ రోజున పదిన్నర వచ్చింది. అందరూ సంతోషించారు. నాలుగో రోజుకి రెండు గ్రీన్ల మీద పళ్ళెమంత మచ్చలు, ఎండుగడ్డి రంగులో. వారానికి మెమో వచ్చింది: నిర్వహణలో నిర్లక్ష్యం.

ఆ రాత్రి మామయ్య అన్నం ముందు కూర్చుని, "పదకొండు పదకొండు అన్నారు. గడ్డికి అంకెలొస్తాయా?" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

మామయ్య నోట్‌బుక్

మామయ్య దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. తారీఖు, గ్రీన్ నంబరు, కొలత, కోత ఎత్తు, చివరి గడిలో సభ్యులు అన్న మాటలు. "ఈరోజు స్లో అన్నారు", "బావుంది అన్నారు" అని తెలుగులో రాసుకున్నాడు. చేసేది ఏమీ లేక, రెండు సంవత్సరాల పేజీలు కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించాను. పైథాన్‌లో ఇరవై లైన్ల కోడ్, అంతే.

నేను అనుకున్నది: అంకె తగ్గిన రోజు "స్లో" అనే ఫిర్యాదు వస్తుంది. కనిపించింది వేరే. ఫిర్యాదు వచ్చిన రోజుల్లో చాలావాటిలో సగటు తక్కువేమీ లేదు. కానీ ఆ రోజుల్లో ఒక గ్రీన్‌కీ ఇంకో గ్రీన్‌కీ మధ్య తేడా ఎక్కువ. మూడో గ్రీన్ 9, నాలుగోది 8, ఐదోది మళ్ళీ 9 పైన. ఆటగాడి చెయ్యి ఒక వేగానికి అలవాటు పడేలోపు గ్రీన్ మారిపోతోంది. వాళ్ళకి చిరాకొస్తోంది. ఆ చిరాకుకి వాళ్ళకి తెలిసిన పేరు "స్లో". అన్ని గ్రీన్లూ ఎనిమిదిన్నర దగ్గర ఉన్న రోజుల్లో ఫిర్యాదు దాదాపు లేదు.

ఇది రుజువు కాదు. ఒక్క క్లబ్బు, ఒక్క నోట్‌బుక్, పైగా నోరు విప్పి చెప్పినవాళ్ళ మాటలే అందులో ఉన్నాయి. అయితే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన పరిశోధనలో కూడా గ్రీన్ల మధ్య అర అడుగు తేడా ఉంటే చాలామంది ఆటగాళ్ళు గుర్తుపట్టలేకపోయారని చదివాక నాకు ధైర్యం వచ్చింది. పదిన్నరా, పదకొండా అని కొట్లాడుకునేది కాళ్ళ కింద తేడా తెలిసి కాదు, బోర్డు మీద అంకె చూసి.

స్టింప్సన్ ఆ పట్టీ చేసింది గ్రీన్లు న్యాయంగా ఉన్నాయో లేదో తేల్చడానికి. యూఎస్‌జీఏ కూడా ఒక కోర్స్‌లో గ్రీన్లన్నీ ఒకేలా ఉంచుకోవడానికే వాడమంది, పక్క క్లబ్బుతో పోల్చుకోవడానికి కాదు. మనుషులు దాన్ని గొప్ప చెప్పుకునే అంకె చేసుకున్నారు. మనం మాత్రం తక్కువా? మనకేం వచ్చో తెలుసుకోవడానికి పెట్టిన సీజీపీఏ కోసమే చదువుతున్నాం. ప్రాబ్లం అర్థం చేసుకోవడానికి బదులు కోడింగ్ సైట్‌లో ఎన్ని సాల్వ్ చేశామో లెక్కపెట్టుకుంటున్నాం. కొలత కోసం పెట్టిన అంకెనే గమ్యం చేసుకుంటే, ఎక్కడో ఒక చోట మచ్చలు పడతాయి.

కాబట్టి ఫాస్టా, స్లోనా అని నన్నడిగితే: ఆ నేల వాలు, ఆ ఊరి ఎండ, ఆ గడ్డి రకం ఎంత తట్టుకుంటే అంత. కానీ 18 గ్రీన్లూ ఒకేలా ఉండాలి. ఆటగాళ్ళు అడిగేది కూడా అదేనని నా నమ్మకం, అడగడానికి సరైన మాట దొరక్క "ఫాస్ట్" అంటున్నారు.

నా గ్రాఫ్ ప్రింట్ తీసి మామయ్యకిచ్చాను. వెంటనే చూపించలేదు. "ఇప్పుడు చూపిస్తే వాదించినట్టుంటుందిరా" అని నోట్‌బుక్‌లో మడిచి పెట్టుకున్నాడు. దసరా తర్వాత కమిటీ మారినప్పుడు చూపించాడట. ఈ సంవత్సరం ఏప్రిల్ నుంచి జూన్ దాకా బ్లేడు ఒక ఎత్తుకి కిందకి దించకూడదని ఒప్పుకున్నారు. మెమో మాత్రం ఫైల్లో అలాగే ఉంది.

మొన్న ఫోన్ చేస్తే మచ్చలు పూర్తిగా పూడాయన్నాడు. గరిక కదా, పక్క నుంచి పాక్కుంటూ వచ్చేసిందట.

ఇంటికి లెక్క: ఒక గ్రీన్ మీద ఎగువకి 6 అడుగులు, దిగువకి 14 అడుగులు వచ్చాయి. ఆ గ్రీన్ అసలు అంకె ఎంత? 10 అన్నవాళ్ళు పై పేజీ మళ్ళీ చదవండి.